అద్దె లేని లొకేషన్‌కూ లెక్క ఉంది

షార్ట్ ఫిల్మ్ ఖర్చుల పట్టీ గత పదిహేనేళ్లలో ఆనవాలు పట్టలేనంతగా మారిపోయింది. ఒకప్పుడు కెమెరా అద్దె, టేపులు, ఎడిటింగ్ గది అద్దె కలిసి బడ్జెట్‌లో సింహభాగం తినేసేవి. ఇప్పుడు జేబులో ఉన్న ఫోనే ఫోర్‌కేలో తీస్తుంది. డావిన్చీ రిజాల్వ్ లాంటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. విడుదలకు యూట్యూబ్ ఉండనే ఉంది. కిందికి దిగిరానివి మూడే: మనుషుల తిండి, బండి కిరాయి, లొకేషన్. అందులోనూ మొదటి రెండూ మూడోదాని వెనకే నడుస్తాయి. షూటింగ్ ఎక్కడో తేలితే గానీ ఎన్ని బళ్లు పెట్టాలో, ఎన్ని పూటల భోజనం చెప్పాలో తేలదు.

అయినా నలుగురు కుర్రాళ్లు కూర్చుని సినిమా అనుకునేటప్పుడు లొకేషన్ మాట ఆఖర్న వస్తుంది. "మా పెదనాన్నావాళ్ల ఇల్లుంది కదరా, ఫ్రీగా ఇస్తారు" అన్న ఒక్క మాటతో ఆ చర్చ ముగుస్తుంది. ఫ్రీ అన్న మాట దగ్గర ఆగి లెక్క వేసేవాళ్లు తక్కువ.

వేసి చూద్దాం. పదిమంది యూనిట్, రెండు రోజుల షూటింగ్, మొత్తం అరవై వేల బడ్జెట్ అనుకుందాం. రోజుకు ముప్పై వేలు. ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా కాల్‌షీట్. టిఫిన్లు, భోజనాలు, లైట్లు సర్దుకోవడం, మేకప్ పోగా కెమెరా నిజంగా తిరిగేది ఆరు గంటలు. అంటే గంట విలువ ఐదు వేలు. ఉచితంగా దొరికిన ఇంటి పక్కనే పిండిమర ఉండి, దాని మోత ఆగే దాకా రెండు గంటలు చేతులు కట్టుకుని కూర్చుంటే పది వేలు పోయినట్టే. రోజుకు నాలుగు వేలు అడిగిన నిశ్శబ్దమైన ఇల్లు అంతకన్నా చౌక. లొకేషన్ అందుబాటు ధరలో ఉందా లేదా అన్నది యజమాని అడిగే అద్దె ఒక్కటే చెప్పదు. ఆ చోట మనకు మిగిలే గంటలు చెబుతాయి. చిన్న సినిమాలు తీసినవాళ్లు ఇప్పటిదాకా తొక్కిన దారులన్నిటినీ ఈ కొలతతోనే చూడాలి.

ఉన్నదాన్ని బట్టి కథ

అన్నిటికన్నా పేరున్న దారి ఇది. అమెరికా దర్శకుడు రాబర్ట్ రోడ్రిగ్జ్ 1992 నాటి 'ఎల్ మరియాచి'ని ఏడు వేల డాలర్లతో తీశాడు. కథ రాయకముందే మెక్సికో సరిహద్దు పట్టణం సియుదాద్ అకూన్యాలో తనకూ తన స్నేహితుడికీ అడిగితే దొరికేవన్నీ లెక్కపెట్టుకున్నాడు. ఒక బారు, ఒక పశువుల క్షేత్రం, ఒక బస్సు, ఒక కుక్క, చివరికి ఒక తాబేలు. అవన్నీ వచ్చేలా కథ అల్లుకున్నాడు. క్రిస్టఫర్ నోలన్ తొలి చిత్రం 'ఫాలోయింగ్' (1998) లండన్‌లో స్నేహితుల ఇళ్లలో, బంధువుల ఇళ్లలో, ఎక్కువగా కిటికీ వెలుతురులోనే తయారైంది. ఉద్యోగాలు చేసుకుంటూ వారాంతాల్లో తీశారు కాబట్టి ఏడాది పట్టింది. ఫిల్మ్ వృథా కాకూడదని సన్నివేశాలన్నీ ముందే బాగా రిహార్సల్ చేసి, ఒకటి రెండు టేకుల్లో ముగించేవారు. ఇక్కడ గమనించాల్సింది రిహార్సల్. అరువు తెచ్చుకున్న ఇంట్లో గడిపే ప్రతి గంటా ఆ ఇంటివాళ్ల ఓపికలోంచి తీసుకున్నదే. రిహార్సల్ ఆ గంటలను తగ్గిస్తుంది.

తెలుగులో దీనికి మంచి ఉదాహరణ వెంకటేష్ మహా 'కేరాఫ్ కంచరపాలెం' (2018). విశాఖలోని కంచరపాలేన్నే లొకేషన్‌గా, అక్కడి మనుషుల్నే నటులుగా తీసుకుని తీసిన సినిమా అది. ఊరివాళ్లే తెర మీద ఉంటే వీధిలో షూటింగ్‌కు అడ్డుపడేవాళ్లు తగ్గుతారు. కాపలా కాసేవాళ్లు పెరుగుతారు. నటీనటుల ఎంపిక, లొకేషన్ ఎంపిక ఒకే పనైపోవడం ఆ పద్ధతిలోని అసలు పొదుపు. 2021లో వచ్చిన 'సినిమా బండి' ఈ పద్ధతినే కథావస్తువు చేసుకుంది. ఆటోలో ఎవరో మరిచిపోయిన కెమెరా దొరికితే, ఊరినే లొకేషన్‌గా ఊరివాళ్లతోనే సినిమా తీయబోయిన డ్రైవర్ కథ అది.

ఈ దారిలో లోపం కూడా ఉంది. అందరి దగ్గరా ఉన్నవి ఒకటే. హాస్టల్ గది, టెర్రస్, టీ కొట్టు, టూ బీహెచ్‌కే ఫ్లాటు. అందుకే సగం షార్ట్ ఫిల్ములు మేడ మీద ఇద్దరు మిత్రులు కూర్చుని పాత ప్రేమ గురించి మాట్లాడుకోవడం దగ్గరే ఆగిపోతున్నాయి. జాబితా రాసే తీరు మార్చుకుంటే ఇది తప్పుతుంది. మన వాళ్లలో ఎవరికి ఏ ఇల్లుంది అని రాసుకునే బదులు ఎవరింట్లో ఎవరు ఏ పని చేస్తారో రాసుకోవాలి. ఒకరి నాన్నకు ప్రింటింగ్ ప్రెస్సు, ఒకరి మేనమామకు కోళ్లఫారం, ఒకరి అక్కకు టైలరింగ్ షాపు, ఇంకొకరి బాబాయికి ఇటుకబట్టీ. ఇవన్నీ కథను వెంటబెట్టుకుని వచ్చే చోట్లు. పాత్ర ఏం పని చేస్తుందో తెలిస్తే ఎలా మాట్లాడుతుందో కూడా తెలుస్తుంది.

ఇంకో మాట. ఏ చోటైనా ఖాళీగా ఉండే వేళ ఒకటి ఉంటుంది. ఆ వేళను పట్టుకోవడమే చౌక లొకేషన్ రహస్యం. ఆషాఢంలోనూ మూఢంలోనూ ఫంక్షన్ హాళ్లు వెలవెలబోతాయి. మే నెలలో బడులన్నీ ఖాళీ. టిఫిన్ సెంటరుకు మధ్యాహ్నం పన్నెండు నుంచి సాయంత్రం నాలుగు దాకా పని ఉండదు. ఊళ్లలో సింగిల్ స్క్రీన్ థియేటర్లకు మ్యాట్నీ ముందు దాకా తాళమే. ఒకరు ఖాళీ చేసి ఇంకొకరు దిగే లోపు ఫ్లాటు వారం పది రోజులు ఊరికే ఉంటుంది. అడిగేవాళ్లకు ఈ క్యాలెండర్ తెలిసి ఉంటే పెళ్లిళ్ల సీజన్లో లక్ష అడిగే హాలును ఆషాఢంలో కరెంటు ఖర్చు, వాచ్‌మన్ బత్తెం ఇచ్చి తెచ్చుకోవచ్చు.

కథను బట్టి వెతుకులాట

రెండో దారివాళ్లు కథను ముందు పెట్టి, దానికి తగిన చోటు కోసం తిరుగుతారు. ఖర్చు ఎక్కువే అయినా ఇదీ చిన్న సినిమా దారే. సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలి' (1955) కోసం కలకత్తా శివార్లలోని బొరాల్ గ్రామంలో ఒక పాడుబడ్డ ఇల్లు వెతికి పట్టుకున్నారు. దానికి నెలకు యాభై రూపాయల అద్దె. డబ్బు అయిపోయి షూటింగ్ ఆగిపోయిన నెలల్లోనూ ఆ అద్దె కట్టక తప్పలేదు. పిల్లలిద్దరూ రైలును చూసే ప్రసిద్ధ సన్నివేశానికి పాల్‌సిట్ దగ్గర రెల్లు పూసిన మైదానం ఎంచుకున్నారు. ఒక రోజు తీశారు. మిగతాది తీయడానికి తర్వాతి వారం వెళ్లేసరికి పశువులు రెల్లంతా మేసేశాయి. మళ్లీ పూత వచ్చే దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ కష్టం ఇప్పటికీ అలాగే ఉంది. గుంటూరు, ఖమ్మం పల్లెల్లో మిర్చి కల్లాలు ఎర్రగా పరుచుకునేది వేసవికి ముందు కొన్ని వారాలే. వరిచేను ఈ వారం పచ్చగా ఉంటే మరికొన్ని వారాలకు పసుపు, ఆ పైన కోత కోసిన మోడు. ప్రకృతిని నమ్ముకున్న సన్నివేశంలోని షాట్లన్నీ ఒకే విడతలో పూర్తయ్యేలా పట్టిక వేసుకోవాలి. ప్యాచ్ వర్క్ తర్వాత చేసుకోవచ్చన్న ధీమా అక్కడ పనికిరాదు.

రాయ్ దగ్గర నేర్చుకోవాల్సిన రెండో సంగతి, లొకేషన్ దొరకనప్పుడు దాన్ని కట్టుకోవడం. 'అపరాజితో' (1956)లో కాశీలోని ఇంటి లోపలి వాకిలిని కలకత్తా స్టూడియోలో సెట్‌గా వేశారు. ఆకాశం నుంచి దిగే నీడలేని మెత్తటి వెలుతురు స్టూడియోలో ఎలా వస్తుంది? ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర సెట్‌కు పైన తెల్లటి గుడ్డ పరిపించి, లైట్లను పైకి తిప్పి, దాని మీంచి పడేలా చేశారు. ఈనాటి షార్ట్ ఫిల్మ్ వాళ్లకు ఈ ఉపాయం మరీ సులువు. ఆసుపత్రి వార్డు కావాలంటే ఆసుపత్రిని బతిమాలనక్కర్లేదు. ఒక ఇనుప మంచం, ఆకుపచ్చ కర్టెన్, సెలైన్ స్టాండ్, తెల్ల గోడ, వెనక నుంచి ఎవరినో పిలుస్తున్న మాటల శబ్దం చాలు. పోలీస్ స్టేషన్‌కు ఒక పాత టేబుల్, గోడ మీద జిల్లా మ్యాపు, ఫైళ్ల బీరువా. ఫ్రేమ్‌లో కనపడే ఎనిమిది అడుగుల మూల చాలినప్పుడు మొత్తం భవనం కోసం తిరగడం వృథా. రోగులున్న చోట కెమెరా పెట్టే ఇబ్బందీ తప్పుతుంది.

అద్దెకిచ్చే ఇళ్లు, స్టూడియోలు

హైదరాబాద్‌లో ఉన్నన్ని స్టూడియో వసతులు దేశంలో చాలా నగరాలకు లేవు. సారథి, అన్నపూర్ణ, రామానాయుడు స్టూడియోలు ఉన్నాయి. 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీ 1,666 ఎకరాల విస్తీర్ణంతో గిన్నిస్ రికార్డుకెక్కింది. ఇవన్నీ పెద్ద యూనిట్ల కొలతలకు కట్టినవి. పదిమందితో రెండు రోజులు తీసేవాళ్లు అక్కడికి వెళ్తే డబ్బు వసతులకే పోతుంది, ఆ వసతుల్లో సగం వాడుకోనే లేరు.

ఇంకా కిందికి వస్తే సీరియళ్లకూ వెబ్ సిరీస్‌లకూ ఇచ్చే షూటింగ్ హౌస్‌లు ఉన్నాయి. వీటి ఉపయోగం తీసిపారేయలేం. చుట్టుపక్కలవాళ్లు అలవాటుపడి ఉంటారు, కరెంటుకు లోటుండదు, బండి పెట్టుకునే జాగా ఉంటుంది, ఫర్నిచర్ జరపడానికి ఎవరినీ అడగనక్కర్లేదు. గంటల లెక్కలో చూస్తే ఒక్కోసారి ఫ్రీ ఇంటికన్నా ఇవే లాభం. నష్టం ఏమిటంటే ఆ మెట్లూ ఆ సోఫా ప్రేక్షకుడు ఇదివరకే నాలుగు సీరియళ్లలో చూసేసి ఉంటాడు. మధ్యతరగతి కథకు ఆ హాలు అస్సలు నప్పదు. శంకర్‌పల్లి, చేవెళ్ల, మొయినాబాద్ వైపు ఫామ్‌హౌస్‌లు విశాలంగా ఉంటాయి గానీ రోజూ రానూపోనూ ప్రయాణం కాల్‌షీట్‌లోంచే కోసుకుపోతుంది. అక్కడే రాత్రి ఉండి, రెండు రోజులూ అక్కడే తీసేలా కథ ఉంటేనే గిట్టుబాటు.

రోజుల లెక్కన ఇళ్లు అద్దెకిచ్చే యాప్‌లలో గది బుక్ చేసుకుని, ఓనరుకు చెప్పకుండా షూటింగ్ పెట్టేయడం ఈ మధ్య మామూలైంది. ఇది తెలివి అనిపించుకోదు. నలుగురికిచ్చిన ఇంట్లో పదిహేను మంది లైట్లతో కనపడితే మధ్యలో బయటికి పంపే హక్కు ఓనరుకు ఉంటుంది. సగం తీసిన సన్నివేశానికి ఇంకే ఇల్లూ సరిపోదు. ముందే చెప్పి కాస్త ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు.

సర్కారు వారి చోట్లు

కోటలు, గుళ్లు, రైల్వే స్టేషన్లు, అడవులు. కథకు బరువు తెస్తాయని అందరికీ ఆశ. గోల్కొండ, చార్మినార్, వరంగల్ కోట, లేపాక్షి, గండికోట కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్నాయి. పర్యాటకుడిగా ఫోటో తీసుకోవడం వేరు, నటులను నిలబెట్టి సినిమా తీయడం వేరు. రెండో దానికి ముందుగా దరఖాస్తు, లైసెన్సు, రోజుకు వేలల్లో రుసుము, డిపాజిట్ కావాలి. స్క్రిప్టు వివరాలు కూడా ఇవ్వాలి. రైల్వేది ఇంతకన్నా పొడుగు దారి. రైలు, ప్లాట్‌ఫారం కథకు ప్రాణమైతే తప్ప చిన్న యూనిట్ ఆ జోలికి పోకపోవడమే మేలు. స్టేషన్ బయట ఆటో స్టాండూ, మైక్‌లో వినపడే అనౌన్స్‌మెంటూ కలిస్తే ప్రేక్షకుడి మనసులో స్టేషన్ కట్టుకుంటుంది.

అడవుల్లో తీసేవాళ్లకు వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. 1972 నాటి ఆ చట్టానికి 2022లో చేసిన సవరణలో, జంతువుల నివాసాన్ని మార్చకుండా సినిమా తీసుకోవడాన్ని అభయారణ్య ప్రవేశానికి అనుమతించే కారణాల్లో చేర్చారు. అంటే అవకాశం ఉంది, అడగకుండా వెళ్లే స్వేచ్ఛ లేదు. డ్రోన్ షాట్‌కూ ఇలాంటి హద్దులే. 2021 డ్రోన్ నియమాల ప్రకారం ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో గ్రీన్ జోన్‌గా చూపే చోట నాలుగు వందల అడుగుల ఎత్తు దాకా ఎగరేయడానికి వేరే అనుమతి అక్కర్లేదు. హైదరాబాద్ చుట్టూ బేగంపేట, హకీంపేట, దుండిగల్ వైమానిక స్థావరాలు, విశాఖలో నౌకాదళం ఉండటం వల్ల మ్యాపు చూడకుండా డ్రోన్ తీయడం ప్రమాదం.

అనుమతులన్నీ ఒకే కిటికీ దగ్గర ఇవ్వాలన్న ప్రయత్నం చాలాకాలంగా సాగుతోంది. కేంద్రం 2015లో జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ కింద ఫిల్మ్ ఫెసిలిటేషన్ ఆఫీసు పెట్టింది. 2024 నుంచి అది ఇండియా సినీ హబ్ పేరుతో నడుస్తోంది. రెండు తెలుగు రాష్ట్రాల ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్లూ సింగిల్ విండో మాటే చెబుతాయి. ఈ వ్యవస్థలన్నీ నిర్మాణ సంస్థను, బ్యానర్‌ను, పెద్ద షెడ్యూల్‌ను మనసులో పెట్టుకుని తయారైనవి. ఒక ఆదివారం పార్కు బెంచీ మీద మూడు గంటలు తీసుకోవాలనుకునే విద్యార్థికి ఆ దరఖాస్తులో తన గడి ఏదో కనపడదు.

వీధిలో, అనుమతి లేకుండా

కాబట్టి చాలామంది అడగడమే మానేస్తారు. ఫోన్ తీసి, ఇద్దరు నటుల్ని హైదరాబాద్ కోఠి రద్దీలోకి పంపి, ఎవరూ గమనించకముందే తీసుకుని వచ్చేస్తారు. అమెరికాలో షాన్ బేకర్ 'టాంజరీన్' (2015)ను ఐఫోన్లతో లాస్ ఏంజెలిస్ వీధుల్లో, నిజమైన డోనట్ షాపులో తీసి పేరు తెచ్చుకున్న దగ్గర్నుంచి ఫోన్ ఉంటే ఎక్కడైనా తీయొచ్చన్న నమ్మకం బలపడింది.

ఇందులో పనికొచ్చేదీ ఉంది, పనికిరానిదీ ఉంది. ట్రాఫిక్‌ను ఆపకుండా, దారికి అడ్డం పడకుండా, నడిచే పాత్రను దూరం నుంచి రెండు నిమిషాలు తీసుకోవడం వరకు ఇబ్బంది రాదు. మాటలున్న సన్నివేశం మాత్రం అక్కడ పెట్టకూడదు. జనం కెమెరాలోకి చూస్తారు, హారన్ల మధ్య మాట వినపడదు, పది టేకులకు సమయం చాలదు. బొమ్మ తుపాకీ, కిడ్నాప్, కొట్లాట, పోలీసు దుస్తులు ఉన్న సన్నివేశం అనుమతి లేకుండా వీధిలో తీయడం అంటే నిజం అనుకుని ఎవరో 100కో 112కో ఫోన్ చేయడం ఖాయం. స్థానిక స్టేషన్‌లో ముందే ఒక ఉత్తరం ఇచ్చి, ముద్ర వేయించుకున్న కాపీ జేబులో పెట్టుకుంటే ఒక పూట పని, ఆ రోజంతా నిశ్చింత.

విదేశాల్లో ఉద్యోగాలు చేస్తూ వారాంతాల్లో షార్ట్ ఫిల్ములు తీసే తెలుగువాళ్లకు ఈ విషయంలో కొంత వెసులుబాటు ఉంది. న్యూయార్క్ నగరంలో చేత్తో పట్టిన కెమెరా, ట్రైపాడ్ మాత్రమే వాడుతూ దారికి అడ్డం రాకపోతే పర్మిట్ తప్పనిసరి కాదు. 2025 జనవరిలో వచ్చిన చట్టం వల్ల అమెరికా జాతీయ పార్కుల్లో, షరతులకు లోబడి, ఆరుగురి కన్నా తక్కువ ఉన్న బృందం పర్మిట్ లేకుండా, రుసుము కట్టకుండా తీసుకోవచ్చు. అనుమతి అవసరమా కాదా అన్నది ఖర్చును బట్టి, పేరును బట్టి కాకుండా మనుషుల సంఖ్యను బట్టి, సామగ్రిని బట్టి తేల్చడం అక్కడి పద్ధతిలోని వివేకం.

ఊరు పిలుస్తుంది, కానీ

నగరం కుదరకపోతే ఊరికి వెళ్లిపోదాం అనుకోవడం తెలుగు సినిమాకు పాత అలవాటే. గోదావరి మీద 'మూగమనసులు' (1964) తీసిన నాటి నుంచి ఆ నది ఒడ్డు ఎన్నో యూనిట్లను చూసింది. కొవ్వూరు దగ్గర కుమారదేవంలో నూట యాభై ఏళ్ల నిద్రగన్నేరు చెట్టు కింద వందల సినిమాల సన్నివేశాలు తీశారు. దానికి జనం పెట్టుకున్న పేరే సినిమా చెట్టు. 2024 ఆగస్టులో అది నేలకొరిగింది. విశాఖ, భీమిలి తీరాలు 'మరో చరిత్ర' (1978) రోజుల నుంచే తెరకు పరిచయం. ఇటీవల 'మెయిల్' (2021) మహబూబాబాద్ వైపు కంబాలపల్లి కథగా, 'బలగం' (2023) సిరిసిల్ల వైపు పల్లె కథగా వచ్చి, పచ్చని కోనసీమ ఒక్కటే పల్లె కాదని గుర్తు చేశాయి.

షార్ట్ ఫిల్మ్‌కు ఊరు చౌకే, ఒక షరతు మీద. ఆ ఊళ్లో మన మనిషి ఉండాలి. యూనిట్‌లో ఒకరికి అమ్మమ్మగారి ఊరైతే బస, భోజనం, సర్పంచితో మాట అన్నీ ఒకే ఇంటి నుంచి నడుస్తాయి. ఎవరూ లేని ఊరికి అందం చూసి వెళ్తే బస ఖర్చు, బండి ఖర్చు నగరంలో షూటింగ్ హౌస్ అద్దెను దాటేస్తాయి. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఊళ్లో షూటింగ్ అంటే బడి పిల్లల దగ్గర్నుంచి అరుగు మీది పెద్దల దాకా అందరూ వస్తారు. వద్దంటే నొచ్చుకుంటారు, ఉండనిస్తే మాట రికార్డు కాదు. అనుభవం ఉన్నవాళ్లు మొదటి గంటను వాళ్లకే ఇచ్చేస్తారు. కెమెరాలోంచి చూడనిస్తారు, రెండు ఉత్తుత్తి షాట్లు తీసి చూపిస్తారు, పెద్దాయన ఒకరిని జనాన్ని చూసుకునే బాధ్యతలో కూర్చోబెడతారు. ఆ గంట పోయినా మిగతా రోజు దక్కుతుంది.

రెక్కీలో ఏం చూడాలి

రెక్కీకి, అంటే షూటింగ్‌కు ముందు చోటు చూసి రావడానికి, వెళ్లినవాళ్లు ఫోన్‌లో ఫోటోలు తీసుకుని గోడ రంగు గురించి మాట్లాడుకుంటూ వచ్చేస్తారు. గంటలను మింగేవి ఫోటోలో కనపడవు.

మొదటిది ధ్వని. గదిలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టండి. శబ్దం తిరిగొచ్చి మోగితే ఆ గదిలో మాటలు నూతిలోంచి వచ్చినట్టు వినపడతాయి. టైల్స్ నేల, ఖాళీ గోడలు ఉన్న కొత్త ఫ్లాట్లన్నీ ఇంతే. నేల మీద బొంతలు, కెమెరా వెనక గోడకు దుప్పట్లు వేలాడదీస్తే చాలావరకు సర్దుకుంటుంది. రేకుల షెడ్డు అయితే వానాకాలంలో ఆశ వదులుకోవడమే. షూటింగ్ ఏ వేళకు అనుకుంటున్నారో ఆ వేళకే రెక్కీకి వెళ్లాలి. ఆదివారం మధ్యాహ్నం ప్రశాంతంగా ఉన్న వీధిలో సోమవారం ఉదయం స్కూలు ప్రార్థన, పక్క గుడి మైకు, మసీదు అజాన్, కూరగాయల బండి రికార్డింగు అన్నీ ఉంటాయి. పక్కింట్లో బోరు వేస్తున్నారేమో, ఎదురింట్లో మార్బుల్ కోస్తున్నారేమో అడిగి తెలుసుకోవాలి. డబ్బింగ్ చెప్పించుకుందాంలే అనుకుంటే ఆ స్టూడియో గంటల ఖర్చునూ లొకేషన్ ఖాతాలోనే రాసుకోవాలి.

రెండోది వెలుతురు. తూర్పు కిటికీ ఉన్న గదిలో ఉదయం సన్నివేశాలు, పడమటి గదిలో సాయంత్రంవి పెట్టుకుంటే సగం లైట్లు అక్కర్లేదు. హైదరాబాద్ అక్షాంశంలో డిసెంబరు నడి మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన దాదాపు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు కాబట్టి దక్షిణపు కిటికీలోంచి ఎండ లోపలి దాకా పడుతుంది. జూన్‌లో అదే సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా పోతాడు. ఆ కిటికీలోకి ఎండే రాదు. డిసెంబరులో చూసిన గదిని జూన్‌లో బుక్ చేసుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. గది చిన్నదైతే కెమెరా వెనక్కి జరగడానికి జాగా ఉండదు. పక్క గదిలో కెమెరా పెట్టి గుమ్మంలోంచి తీయగలమా అన్నది చూసుకుంటే చిన్న ఇల్లు కూడా పెద్దగా కనపడుతుంది.

మూడోది కరెంటు. మామూలు ఆరు ఆంపియర్ల ప్లగ్గు 230 వోల్టుల మీద సుమారు 1,380 వాట్ల వరకే మోస్తుంది. గీజరుకూ ఏసీకీ పెట్టే పదహారు ఆంపియర్ల ప్లగ్గు 3,680 వాట్ల దాకా. పాత వెయ్యి వాట్ల హాలోజన్ లైట్లు రెండు ఒకే బోర్డు మీద పెడితే ఫ్యూజు ఎగిరిపోతుంది. రెండు మూడు వందల వాట్ల ఎల్‌ఈడీలైతే నాలుగు కూడా నడుస్తాయి, జెనరేటర్ అద్దె మిగులుతుంది. ఆ నాలుగింటినీ రెండు గదుల ప్లగ్గులకు పంచుకోవడం క్షేమం. ఆ వీధిలో కరెంటు కోత వేళలు ఇంటివాళ్లను అడగాలి.

నాలుగోది దూరం. ఒక చోట సామాను కట్టి ఇంకో చోట విప్పడానికి చిన్న యూనిట్‌కు కూడా రెండు గంటలు తక్కువ పట్టదు. నాలుగు లొకేషన్ల కథను రెండు రోజుల్లో తీయాలంటే ఆ నాలుగూ నడిచి వెళ్లేంత దూరంలో ఉండాలి. ఒకే ఇంటి ముందు గది ఒక పాత్ర ఇల్లు, వెనక గది ఇంకో పాత్ర ఇల్లు, మేడ మీది పెంట్‌హౌస్ ఆఫీసు, కింద పార్కింగ్ మెకానిక్ షెడ్డు అయిపోవచ్చు. కర్టెన్లు, క్యాలెండర్లు, ఒక గోడ రంగు మారిస్తే ప్రేక్షకుడికి అనుమానం రాదు. ఇక చివరిగా, అందరూ అడగడానికి మొహమాటపడేది మరుగుదొడ్డి. ఆడవాళ్లు పనిచేసే యూనిట్‌లో అది లేని లొకేషన్‌ను అక్కడితోనే కొట్టివేయాలి.

కాగితం మీద ఒక మాట

తెలిసినవాళ్ల ఇల్లు కదా అని ఎవరూ కాగితం రాసుకోరు. సినిమా బాగా వచ్చి ఏదైనా ఓటీటీ అడిగినప్పుడు, పెద్ద ఫెస్టివల్‌కు పంపినప్పుడు ఆ కాగితమే అడుగుతారు. చిరునామా, తేదీలు, వేళలు, ఏయే గదులు వాడతాం, పాడైతే ఎవరు బాగుచేస్తారు, ఆ దృశ్యాలను అన్ని మాధ్యమాల్లో చూపడానికి సమ్మతి. ఇంతే, ఒక్క పేజీ. సంతకం అద్దెకున్నవాళ్లది కాకుండా యజమానిది కావాలి. అపార్ట్‌మెంటైతే అసోసియేషన్‌కూ చెప్పాలి.

ఫ్రేమ్‌లో పడే ఇతరుల సృష్టి గురించి కూడా తెలుసుకోవాలి. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న శిల్పమో చిత్రమో సినిమాలో కనపడితే ఉల్లంఘన కాదు. వెనకాల యాదృచ్ఛికంగా పడే బొమ్మకూ అదే రక్షణ. టీ కొట్టు స్పీకర్లో మోగే సినిమా పాటకు మాత్రం ఈ వెసులుబాటు వర్తించదు. షూటింగ్ వేళ దాన్ని ఆపించకపోతే మన మాటలతో పాటు ఆ పాటా రికార్డయి, యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ రూపంలో తిరిగొస్తుంది.

ఏది మేలు

ఇన్ని దారుల్లో ఒకటే సరైనదని చెప్పలేం గానీ వరుస చెప్పవచ్చు. కథ దశలోనే ఇద్దరు ముగ్గురు మనుషుల పనుల జాబితా ముందు పెట్టుకుని, ఒక ప్రధాన లొకేషన్ చుట్టూ కథను కుదించుకోవడం మొదటి ఎంపిక. అందులో దొరకని ఒకటి రెండు చోట్లను ఒక మూల సెట్‌గా కట్టుకోవడం రెండోది. డబ్బు పెట్టాల్సి వస్తే అందం కోసం కాకుండా నిశ్శబ్దం కోసం, దూరం తగ్గించడం కోసం పెట్టడం మూడోది. కోటలు, రైళ్లు, అడవులు ఆ కథ వాటితోనే బతికేదైతే తప్ప చిన్న బడ్జెట్‌కు బరువే.

మిగిలిన లోటు వ్యవస్థది. రెండు రాష్ట్రాల ఫిల్మ్ కార్పొరేషన్లూ పదిమంది లోపు యూనిట్‌కు, రెండు రోజుల లోపు పనికి, సెట్టూ జెనరేటరూ లేని షూటింగ్‌కు ఒక వేరే వరుస పెట్టి, నామమాత్రపు రుసుముతో రెండు మూడు రోజుల్లో అవునో కాదో చెప్పగలిగితే సగం దొంగ షూటింగులు ఆగిపోతాయి. పార్కులు, గ్రంథాలయాలు, సెలవుల్లో సర్కారు బడులు దీనితో మొదలుపెట్టవచ్చు. రెండో పని ప్రభుత్వం చేసేది కాదు. ఒక యూనిట్ గోడకు మేకులు కొట్టి, పెరట్లో ప్లేట్లు పారేసి, ఫ్యూజు కాల్చి వెళ్లిపోతే ఆ ఇల్లే కాదు, ఆ వీధంతా తర్వాతి వాళ్లకు మూసుకుపోతుంది. వెళ్లే ముందు ఫోటో తీసుకుని సామాను ఉన్నచోట ఉన్నట్టు పెట్టడం, కరెంటు బిల్లులో తేడా కట్టడం, సినిమా పూర్తయ్యాక ఇంటివాళ్లను పిలిచి చూపించడం, ఇవన్నీ మర్యాద ఖాతాలో రాసుకునేవి కావు. ఊళ్లో షార్ట్ ఫిల్మ్ తీసే వందమందికీ కలిపి ఉన్న ఏకైక పెట్టుబడి ఆ ఇళ్లవాళ్ల నమ్మకం. దాన్ని ఖర్చు చేసేవాళ్లే తిరిగి జమ చేయాలి.